బలమున్న పిల్లవాడికి ఎవరు చెప్పాలి?

(మన పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



"పిల్లలు – టీవీ" అన్న అంశం మీద పావుగంట మాట్లాడమని మన కార్యదర్శి గారు ఫోన్ చేసి చెప్పారు. ఉట్నూరు వైపు సర్కారు బడుల్లో లెక్కలు చెబుతుంటాను కదా, పిల్లల గురించి నాకు తెలుస్తుందని ఆయన నమ్మకం. టీవీ కళ్లకు చేటు, సెల్ ఫోన్ చదువుకు చేటు అని చెప్పి దిగిపోవచ్చు. కానీ అది మీ ఇళ్లల్లో మీ అమ్మలు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకే ఒక్క రకం సీరియల్ గురించే మాట్లాడతాను. గొప్ప బలం ఉన్న వీరుడు చిన్నప్పుడు ఎలా ఉండేవాడో చెప్పే సీరియల్. ఆ విషయంలో ఈ బడికి నేనొక మాట బాకీ ఉన్నాను. అది చివర్లో చెబుతాను.

మా తమ్ముడి కొడుక్కి తొమ్మిదేళ్లు. వాడికి ఛోటా భీమ్ అంటే ప్రాణం. అన్నం పెడితే ఒక కన్ను కంచం మీద, ఒక కన్ను టీవీ మీద. ఒకరోజు నన్ను అడిగాడు: "పెద్దబాపూ, భీమ్ కంటే పెద్దగున్న రాక్షసున్ని కొడతడు గద, మరి కాలియాను ఎందుకు గట్టిగ కొట్టడు?"

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఆ ప్రశ్న పట్టుకుని చాలా దూరం ఆలోచించాను. ఇవాళ నా ప్రసంగమంతా దానికి జవాబే అనుకోండి.

ముందు ఆ సీరియల్ సంగతి. ఢోలక్‌పూర్ అనే ఊరు, ఇంద్రవర్మ అనే రాజు, లడ్డూ తింటే ఎక్కడలేని బలం వచ్చే భీమ్ అనే తొమ్మిదేళ్ల పిల్లవాడు. చుట్కీ, రాజు, మాట్లాడే కోతి జగ్గు వాడి స్నేహితులు. కాలియా, ఢోలు, భోలు ఎప్పుడూ పోటీకి వచ్చేవాళ్లు. పేర్లు చూసి ఇదెక్కడో ఉత్తరాదిలో తయారైందని చాలామంది అనుకుంటారు. తయారైంది మన హైదరాబాద్‌లో. రాజీవ్ చిలక గారు అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి, శాన్ ఫ్రాన్సిస్కోలో యానిమేషన్ నేర్చుకుని వచ్చి, 2001లో గ్రీన్ గోల్డ్ యానిమేషన్ అనే సంస్థను మొదలుపెట్టారు. ఛోటా భీమ్ 2008లో పోగో ఛానెల్లో మొదలైంది. అప్పటిదాకా మన పిల్లలు ఎక్కువగా చూసిన కార్టూన్లు వేరే దేశాలవి. ధోతీ కట్టుకుని లడ్డూ తినే పిల్లవాడు వచ్చేసరికి మనోడే అనుకున్నారు. 2019లో అదే భీమ్‌ను ఇంకా చిన్నవాడిని చేసి, పాకే వయసు పసివాడిగా చూపిస్తూ నెట్‌ఫ్లిక్స్‌కు ఇంకో సీరియల్ చేశారు. అందులో మాటలు దాదాపు ఉండవు. మాటలు లేవు కాబట్టి ఏ దేశపు పిల్లవాడైనా చూసి నవ్వగలడు.

దీనివల్ల మా టీచర్లకు ఒక చిక్కు కూడా వచ్చింది. ఒకసారి ఆరో తరగతిలో, తెలుగు టీచర్ సెలవులో ఉంటే నేను వెళ్లి, "భీముడి తమ్ముడు ఎవరు?" అని అడిగాను. అర్జునుడంటారు అనుకున్నాను. క్లాసంతా ఒకే గొంతుతో "రాజు సార్!" అన్నారు. నవ్వకండి. వాళ్ల లెక్కలో అది కరెక్టే.

ఆ రోజు ఇంటికి వెళ్లి అసలు భీముడి చిన్నతనం మళ్లీ చదివాను. మహాభారతం ఆదిపర్వంలో ఉంది. మనకు గదా యుద్ధం గుర్తుంటుంది, బకాసురుడు గుర్తుంటాడు. పిల్లవాడైన భీముడు అంతగా గుర్తుండడు. అతని బలం ముందు నూరుగురు కౌరవులు కలిసినా చాలరు. జుట్టు పట్టుకుని ఈడ్చేవాడు. ఈతకు వెళితే పదిమందిని ఒకేసారి నీళ్లలో ముంచి పట్టుకునేవాడు. వాళ్లు పండ్ల కోసం చెట్టెక్కితే కింద నిలబడి చెట్టును ఒక్క తన్ను తన్నేవాడు. పండ్లతో పాటు పిల్లలూ రాలిపడేవారు. భీముడికి వాళ్ల మీద పగ ఏమీ లేదు, చిన్నతనంతోనే అలా చేశాడని కూడా అక్కడే ఉంది. కానీ కిందపడ్డవాడికి ఆ తేడా తెలియదు కదా. దెబ్బ దెబ్బే. దుర్యోధనుడి మనసులో విషం అక్కడ మొదలైంది. ఆ తర్వాత భీముడికి విషం పెట్టి, తీగలతో కట్టి గంగలో పడేయించాడు. భీముడు నాగలోకం దాకా వెళ్లి, నాగులిచ్చిన రసం తాగి ఇంకా బలవంతుడై తిరిగివచ్చాడు. దుర్యోధనుడు చేసింది తప్పు కాదని నేననను. కానీ కురుక్షేత్రం దాకా పోయిన ఆ దారిలో మొదటి అడుగుల్లో ఒకటి ఒక పిల్లవాడు సరదాకు తన్నిన చెట్టు. అంతమంది గురువులు, పెద్దలు ఉన్న ఆ ఇంట్లో "బిడ్డా, నీకు ఆట, వాళ్లకు దెబ్బ" అని ఆ పిల్లవాడికి ఎవరైనా కూర్చోబెట్టి చెప్పారా అని వెతికాను. నా కంటికి కనబడలేదు.

ఇప్పుడు ఢోలక్‌పూర్ భీమ్‌ను చూడండి. పేరు అదే, బలం అదే, తిండి అదే. కాలియా దుర్యోధనుడి చోట ఉన్నవాడు. ఓర్వలేడు, మోసం చేస్తాడు, ఓడిపోతాడు. అయినా వాణ్ణి ఊరి నుంచి వెళ్లగొట్టరు. మర్నాడు మళ్లీ అదే మైదానంలో ఆటకు వస్తాడు. రాక్షసుడొస్తే వాడు కూడా భీమ్ వెనకే దాక్కుంటాడు. భీమ్ వాణ్ణి కూడా కాపాడతాడు. మా వాడి ప్రశ్నకు నాకు దొరికిన మొదటి జవాబు ఇది: కాలియాను గట్టిగా కొడితే రేపు ఆడుకోవడానికి ఉండడు. పాత కథలో చెడిపోయిన చోట హైదరాబాద్ వాళ్లు ఒక కుట్టు వేశారని నాకనిపించింది. వాళ్లు అలా అనుకునే చేశారో లేదో గానీ, చూసే పిల్లవాడికి మాత్రం అది అందుతుంది.

మన దగ్గర ఇంకో బాలవీరుడున్నాడు. ఈ సభలో సగం మంది చిన్నప్పుడు పుట్టువెంట్రుకలు తీయించుకున్నది ఆయన దగ్గరే. కొండగట్టు అంజన్న. ఆయన పసితనంలో సూర్యుణ్ణి పండనుకుని ఎగిరిన కథ అందరికీ తెలుసు. దాని తర్వాతి కథ కొంచెం తక్కువ మందికి తెలుసు. రామాయణం ఉత్తరకాండలో ఉంది. దేవతల వరాలతో వచ్చిన బలంతో ఆ పిల్లవాడు మునుల ఆశ్రమాల్లో పడి యజ్ఞం సామాను విరగ్గొట్టేవాడు, ఆరేసిన నారబట్టలు చింపేవాడు. తల్లిదండ్రులు చెప్పినా వినలేదు. చివరికి మునులు శపించారు. ఏమని? నీ బలం పోవాలని కాదు. నీ బలం నీకు తెలియకుండా పోవాలని, ఎవరైనా గుర్తు చేసినప్పుడే తెలియాలని.

ఆ శాపం గురించి ఎంత ఆలోచిస్తే అంత గొప్పగా తోస్తుంది. బలాన్ని తీసేయలేదు, తాళం వేశారు. తాళంచెవి ఇంకొకరి చేతికిచ్చారు. సముద్రం ఒడ్డున జాంబవంతుడు గుర్తు చేసేదాకా ఆంజనేయుడు ఒక మూలన ఊరకే కూర్చున్నాడు. టీచర్ ఉద్యోగం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఈ కథే చెబుతాను. బడి చేయాల్సిన పనులు రెండూ ఇందులో ఉన్నాయి. దుడుకు పిల్లవాడి బలానికి తాళం వేయాలి. మూలన కూర్చున్న పిల్లవాడికి నీకూ బలముందని గుర్తు చేయాలి. ఏ పిల్లవాడికి ఏది కావాలో తెలుసుకోవడమే కష్టం.

ఇది మన పురాణాల్లోనే ఉందని కాలర్ ఎగరేయనవసరం లేదు. సూపర్‌మ్యాన్‌ను పుట్టించింది ఎవరో తెలుసా? అమెరికాలో క్లీవ్‌లాండ్ అనే ఊళ్లో ఒకే హైస్కూల్లో చదువుకున్న ఇద్దరు స్నేహితులు, జెర్రీ సీగల్, జో షుస్టర్. ఒకరు కథ రాసేవారు, ఒకరు బొమ్మ గీసేవారు. 1938లో వాళ్ల సూపర్‌మ్యాన్ మొదటిసారి అచ్చయింది. హక్కులన్నీ 130 డాలర్లకే అమ్ముకున్నారు. అంటే సూపర్‌మ్యాన్ కూడా ఒక పూర్వ విద్యార్థుల సంఘం ఆస్తే. మన సంఘం కోశాధికారి గారు గమనించాలి, హక్కులు తొందరపడి అమ్మకూడదు.

ఆ సూపర్‌మ్యాన్ కుర్రతనం మీద వాళ్లు "స్మాల్‌విల్" అని ఒక సీరియల్ తీశారు. డాలస్‌లో ఉన్న మన బ్యాచ్ మిత్రుడు చెబితే చూశాను. 2001 నుంచి 2011 దాకా పది సీజన్లు, 217 ఎపిసోడ్లు నడిచింది. తీసినవాళ్లు మొదటే ఒక నియమం పెట్టుకున్నారు. కుర్రవాడు ఎగరకూడదు, ఆ నీలం ఎరుపు బట్టలు వేసుకోకూడదు. మరి పదేళ్లు ఏం చూపించారు? ఒక పల్లెటూరు, ఒక వ్యవసాయం చేసుకునే ఇల్లు, పెంచుకున్న తల్లిదండ్రులు, హైస్కూలు. లారీని ఎత్తగలిగిన కొడుక్కి, నీ బలం నలుగురికీ చూపించుకోవద్దని చెప్పే తండ్రి. నూరో ఎపిసోడ్‌లో ఆ తండ్రి చనిపోతాడు. కొడుక్కి అంత బలముండీ తండ్రిని ఆపుకోలేకపోతాడు. పెద్దయిన వీరుడి కథలో గెలుస్తాడా లేదా అని చూస్తాం. చిన్న వీరుడి కథలో గెలుస్తాడని ముందే తెలుసు. అక్కడ చూడాల్సింది వాడికి ఎవరు చెబుతున్నారు, వాడు ఎవరి మాట వింటున్నాడు అన్నదే.

ఇక నా బాకీ సంగతి.

నా వయసు వాళ్లకు ఛోటా భీమ్ లేడు. మాకు శక్తిమాన్ ఉన్నాడు. దూరదర్శన్‌లో 1997లో మొదలైంది. మహాభారత్ సీరియల్లో భీష్ముడు వేసిన ముకేశ్ ఖన్నాయే శక్తిమాన్. మామూలప్పుడు కళ్లజోడు, ఎత్తుపళ్లు పెట్టుకుని గంగాధర్ అనే ఫోటోగ్రాఫర్‌గా ఉంటాడు. ఆపదొస్తే గిరగిరా తిరిగి ఎగురుతాడు. పిల్లలు అతన్ని చూసి దూకి దెబ్బలు తగిలించుకుంటున్నారని అప్పట్లో పత్రికల్లో వచ్చింది. ఇలా చేయొద్దని ఆయన తెర మీదే పిల్లలకు చెప్పేవాడు కూడా. మేము వినలేదు. మాకు హిందీ అంతంత మాత్రమే అనుకోండి, వచ్చినా వినేవాళ్లం కాదు.

అప్పుడు మన ఊరు ఇట్లా లేదు. గోదావరికి ఇటు ఒడ్డు కరీంనగర్ జిల్లా, అటు ఒడ్డు ఆదిలాబాద్ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయి ఇప్పుడు జగిత్యాల, మంచిర్యాల అంటున్నాం గానీ, నాకు ఇప్పటికీ నోరు తిరగదు. మా వాడకట్టులో రెండే కలర్ టీవీలు. ఆదివారం మధ్యాహ్నం ఒక ఇంటి అర్రలో నలభై మందిమి, గడప బయట ఇంకో పదిమంది. కరెంటు పోతే ఏడుపొక్కటే తక్కువ.

1999 నవంబరు. నేను పదో తరగతి. మా తమ్ముడు మన ఆవరణలోనే ఉన్న ప్రాథమిక బడిలో నాలుగో తరగతి. ఆ ఆదివారం సీరియల్ అయిపోయాక బావి కాడికి వెళ్లాం. మోటరు రూము ఉంది, చిన్న స్లాబు. ఎత్తు ఎనిమిది అడుగులు ఉంటుందేమో. తమ్ముడి భుజాలకు మా అవ్వ పాత ఎర్రచీర ముక్క నేనే కట్టాను. నేనే ఎక్కించాను. కింద నా దోస్తులు ముగ్గురు నిలబడి నవ్వుతున్నారు. వాడు అంచు మీద నిలబడి, "అన్నా, పట్టుకుంటవా?" అన్నాడు.

"పట్టుకుంట, దుంకు" అన్నాను.

వాడు దూకాడు. నేను ఒక అడుగు వెనక్కి వేశాను.

ఎందుకు వేశానంటే దోస్తులు నవ్వుతారని. అంతే. ఇంకే కారణం లేదు. ఇసుక ఉంది కదా, ఏం కాదులే అనుకున్నాను. ఇసుక కింద రాయి ఉంది. కుడికాలు విరిగింది. ఎముక అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. ఇప్పటికీ వాడు కొంచెం కుంటుతూ నడుస్తాడు.

ఇంట్లో, "వాడే దుంకిండు బాపూ, వద్దంటె ఇనలే" అని చెప్పాను. శక్తిమాన్‌ను చూసి దూకాడని ఊరంతా అనుకున్నారు. టీవీలను తిట్టారు. బాపు మమ్మల్ని ఆ ఇంటికి పోవద్దన్నాడు. తమ్ముడు ఒక్క మాట మాట్లాడలేదు. వాడు పైనుంచి దూకాడు. నేను వెనక్కి జరగడం వాడికి కనబడే ఉంటుంది.

మరుసటి రోజు లెక్కల సారు నన్ను స్టాఫ్ రూముకు పిలిచారు. సారు పేరు చెప్పను, వారికి అది నచ్చేది కాదు. లెక్కల సారు అంటే నా బ్యాచ్ వాళ్లకు తెలుసు. ఇప్పుడు వారు లేరు. "తమ్ముడు దుంకినప్పుడు నువ్వెక్కడున్నవ్?" అని అడిగారు. "కిందనే సార్" అన్నాను. "ఎంత దూరంల?" అన్నారు. నేను మాట్లాడలేదు. లెక్కల సారు కదా, దూరం అడిగారు. జవాబు రాకపోయేసరికి వారికి జవాబు దొరికింది.

బెత్తం అక్కడే బల్ల మీద ఉంది. తీయలేదు. "కట్టు కట్టినంక వాణ్ని రోజూ బడికి తెచ్చుడు, తీస్కపోవుడు నీ పని. ఒక్కనాడు కూడా బడి పోవద్దు" అన్నారు. ఇంకేమీ అనలేదు. బాపుకు చెప్పలేదు. క్లాసులో చెప్పలేదు.

మూడు నెలలు తీసుకొచ్చాను. బాట బాగున్న చోట సైకిల్ మీద, ఇసుక ఉన్న చోట వీపు మీద. కట్టుతో బరువు. పదో తరగతి పరీక్షల ముందు అది. మొదట్లో సిగ్గయ్యేది, దోస్తులు చూస్తున్నారని. తర్వాత తర్వాత వాడు నా వీపు మీద నుంచే ఎక్కాలు అప్పజెప్పేవాడు. పద్నాలుగో ఎక్కం నా చెవిలో ఇప్పటికీ వాడి గొంతుతోనే వినబడుతుంది. సారు రోజూ గేటు దగ్గర నిలబడి చూసేవారు. ఒక్కసారి కూడా శభాష్ అనలేదు. అనకపోవడమే మంచిదైంది. శభాష్ అని ఉంటే నేను బాకీ తీరిందనుకునేవాడిని.

శక్తిమాన్ నాకు ఎగరడం చూపించాడు. ఎగిరినవాణ్ణి కింద ఒకరు పట్టుకోవాలని ఈ బడి చూపించింది. ఆ రోజు నా చేతిలో ఉన్న బలం నాకు తెలియలేదు. తొమ్మిదేళ్ల పిల్లవాడు మాట నమ్మి దూకాడంటే, నమ్మించినవాడికి ఎంత బలమున్నట్టు? భీముడు తన్నిన చెట్టుకు, నేను వెనక్కి వేసిన అడుగుకు పెద్ద తేడా లేదు. తేడా అంతా తర్వాత వచ్చిన సారుది.

నెల కింద మా తమ్ముడి కొడుకు వాళ్ల నాన్నను అడిగాడట, "బాపూ, నీ కాలుకు ఏమైంది?" అని. మా తమ్ముడు ఏం చెప్పాడో మా మరదలు చెప్పింది. "చిన్నప్పుడు శక్తిమాన్ లెక్క దుంకిన. మీ పెద్దబాపు నన్ను మూడు నెల్లు ఈపు మీద మోసిండు" అన్నాడట. మోసింది చెప్పాడు. పట్టుకోనిది చెప్పలేదు. పాతికేళ్లు దాటినా వాడు ఇంకా చెప్పలేదు. అందుకే నేను చెబుతున్నాను. తమ్ముడు ఐదో వరుసలో ఉన్నాడు, పక్కన కొడుకు ఉన్నాడు. ఒరేయ్, నువ్వు అడిగిన ప్రశ్నకు ఇది రెండో జవాబు. బలమున్నవాడు ఎందుకు గట్టిగా కొట్టడు అన్నావు కదా. కిందపడ్డవాడు ఎన్నేళ్లు కుంటాలో వాడికి తెలిసింది కాబట్టి. మీ పెద్దబాపుకు ఆలస్యంగా తెలిసింది.

ముందు కూర్చున్న పిల్లలకు ఒక్క మాట. ఛోటా భీమ్ చూడండి, ఎవరినైనా చూడండి. చూసేటప్పుడు వీరుడి ఒక్కడి వైపే చూడకండి. వాడి పక్కన ఎవరున్నారు, వాడికి ఎవరు చెబుతున్నారు, వాడు దూకితే కింద ఎవరు నిలబడ్డారు అని కూడా చూడండి. టీచర్లకు, తల్లిదండ్రులకు నేను చెప్పేటంత పెద్దవాణ్ణి కాను. అయినా ఒకటి అడుగుతాను. తప్పు చేసిన పిల్లవాడు దొరికితే బెత్తానికి ముందు ఒక పని ఇచ్చి చూడండి, మోయగలిగిన పని.

ప్రసంగం ముగించే ముందు, మా సారు నిలబడిన ఆ గేటు పక్కన మా 2000 బ్యాచ్ తరఫున ఒక వేపమొక్క నాటుతున్నాం. సభ అయ్యాక అందరూ రావాలి. నీళ్లు పోసేది మా తమ్ముడు.